అమెరికా నేషనల్ పార్కుల్లో టెంటు వేసుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా చలికాలం మధ్యలో మొదలై వేసవి చివరిదాకా మిత్రులు, బంధువులు, వాళ్ల సహోద్యోగులు అడిగే సందేహాలు దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. అన్నీ వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. రుసుములు, నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఆ పార్కు అధికారిక పేజీ మాత్రం తప్పక చూసుకోండి.

## ఎక్కడికి, ఎప్పుడు

ఇంతవరకు టెంటులో పడుకున్నదే లేదు. మొదటిసారికి ఏ పార్కు మంచిది?

ఇంటి నుంచి మూడు నాలుగు గంటల్లో కారులో చేరగలిగేది ఏదైనా మంచిదే. నేషనల్ పార్కులు 63 ఉన్నా, మీకు దగ్గర్లో ఒక్కటీ లేకపోవచ్చు. అలాంటప్పుడు స్టేట్ పార్కుకు వెళ్లడం చిన్నతనమేమీ కాదు. మొదటి ప్రయాణంలో తెలుసుకోవలసింది కొండల సంగతి కాదు. మీ టెంటు వానకు కారుతుందా, నేల మీద మీకు నిద్ర పడుతుందా, అర్ధరాత్రి పిల్లలు లేస్తే ఏం చేయాలి అన్నవే. ఏదైనా బెడిసికొడితే తెల్లవారేసరికి ఇంటికి చేరిపోయే దూరంలో ఉండటం పెద్ద ధైర్యం. ఎల్లోస్టోన్ 1872లో తొలి నేషనల్ పార్కు అయినప్పటి నుంచి అక్కడే ఉంది, మీ రెండో ప్రయాణం దాకా ఆగగలదు.

వారం రోజుల సెలవు ఉంది. ఎన్ని పార్కులు చూసి రావచ్చు?

రెండు. అవి కూడా పక్కపక్కన ఉన్నవైతేనే. ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ ఒక జత. జయాన్, బ్రైస్ కేనియన్ ఇంకో జత, ఈ రెంటి మధ్య కారులో సుమారు రెండు గంటలు. ఐదు రోజుల్లో ఐదు పార్కులని పట్టిక వేసుకొచ్చేవారిని చాలామందిని చూశాను. వాళ్లకు గుర్తుండేది పార్కింగు స్థలాలే. హోటలు గదిలా టెంటును తాళం వేసి వెళ్లిపోలేం. వేయడానికి ఒక గంట, విప్పి సర్దడానికి ఇంకో గంటన్నర పడతాయి. పైగా పార్కు లోపలి దూరాలు పటంలో కనిపించినంత చిన్నవి కావు. ఎల్లోస్టోన్‌లో ఎనిమిది అంకె ఆకారంలో ఉండే గ్రాండ్ లూప్ రోడ్డు ఒక్కటే 142 మైళ్లు. గరిష్ఠ వేగం గంటకు 45 మైళ్లు, మధ్యలో బైసన్ (అడవిదున్న లాంటి జంతువు) మంద రోడ్డెక్కితే అదీ ఉండదు. ఒక్కచోట కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు ఉండేలా చూసుకోండి.

ఏ నెలలో వెళితే బాగుంటుంది?

నెల కంటే ముందు ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో చూడండి. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. గ్రాండ్ కేనియన్ దక్షిణపు అంచు దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. ఎడారి కదా అని దుప్పటి లేకుండా ఏప్రిల్‌లో వెళ్లినవారు తెల్లవార్లూ కారులో హీటరు వేసుకుని కూర్చుంటారు.

పర్వతాల పార్కుల్లో దారులు తెరుచుకోవడమే ఆలస్యం. యోసెమిటీలోని టియోగా రోడ్డు సాధారణంగా మే చివరలోనో జూన్‌లోనో తెరుస్తారు. గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు పూర్తిగా తెరుచుకునేసరికి జూన్ చివరో జులై మధ్యో అవుతుంది. డెత్ వ్యాలీ సంగతి దీనికి తలకిందులు. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన చోటది, అక్కడ టెంటు వేయాలంటే నవంబరు నుంచి మార్చి దాకానే. ఎక్కడికో తేల్చుకోలేకపోతే సెప్టెంబరు పెట్టుకోండి. బడులు తెరుస్తారు, రద్దీ తగ్గుతుంది, దోమలూ తగ్గుతాయి.

అమ్మానాన్నలు వచ్చారు. వాళ్లను కూడా టెంటులో పడుకోబెట్టవచ్చా?

ముందు వాళ్లను అడగండి. చాలామంది పిల్లల ఉత్సాహం చూసి సరేనంటారు, కష్టం రాత్రి రెండింటికి తెలుస్తుంది. పెద్దవాళ్లకు చలి కంటే నేల మీద నుంచి లేవడం, చీకట్లో మరుగుదొడ్డి దాకా నడవడం కష్టం. మడత మంచం పట్టేంత ఎత్తున్న టెంటు తీసుకుని, మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న సైటు (ఒక్కో బృందం టెంటు వేసుకోవడానికి ఇచ్చే చోటు) ఎంచుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. బుకింగ్ పేజీలోని పటంలో అవి ఎక్కడున్నాయో కనిపిస్తాయి. రాకీ మౌంటెన్ లాంటి ఎత్తయిన పార్కుల్లో ఊపిరి అందకపోవడం, తలనొప్పి కూడా ఉండవచ్చు. అక్కడి ట్రైల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్ల దాకా ఎక్కుతుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు వైద్యుణ్ణి అడిగాకే వెళ్లాలి. వాళ్లకు దగ్గర్లోని లాడ్జిలో గది తీసుకుని, పగలంతా సైటులో కలిసి గడపడం నాకు నచ్చిన పద్ధతి.

## బుకింగు, ఖర్చు

ఆరు నెలల ముందే నిండిపోతాయట, నిజమేనా?

పేరున్నవాటికి నిజమే. చాలా పార్కుల క్యాంప్‌గ్రౌండ్లు, అంటే ఇలాంటి సైట్లన్నీ ఉండే ప్రాంగణాలు, రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో బుక్ అవుతాయి. ఎక్కువచోట్ల సరిగ్గా ఆరు నెలల ముందు, రోజుకు ఒక తేదీ చొప్పున తెరుస్తారు. అంటే జులై 10 రాత్రి కావాలంటే జనవరి 10 ఉదయం కూర్చోవాలి. సాధారణంగా తూర్పు తీర కాలమానం ప్రకారం పది గంటలకు, అంటే పసిఫిక్ తీరంలో ఏడింటికి.

యోసెమిటీ లోయలోని క్యాంప్‌గ్రౌండ్లకు లెక్క వేరు. అక్కడ నెల రోజుల తేదీలు ఒకేసారి, ఐదు నెలల ముందు, 15వ తేదీన తెరుస్తారు. ఫిబ్రవరి 15న జులై 15 నుంచి ఆగస్టు 14 దాకా ఉన్న రాత్రులన్నీ విడుదలవుతాయి, కొద్ది నిమిషాల్లోనే అయిపోతాయి. ముందురోజే ఖాతా తెరిచి, కార్డు వివరాలు నింపి, కావలసిన సైటు నంబర్లు నాలుగైదు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ ఉదయం ఫొటోలు చూసి ఎంచుకుంటూ కూర్చుంటే చేజారిపోతాయి.

గడియారం చూసుకుని మరీ కూర్చున్నా దొరకలేదు. ఇక వదిలేయడమేనా?

వద్దు. ఆరు నెలల ముందు అత్యుత్సాహంతో బుక్ చేసుకున్నవారిలో చాలామంది తరవాత రద్దు చేసుకుంటారు. ముఖ్యంగా ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి సైట్లు ఒకటొకటిగా బయటపడుతుంటాయి. ఖాళీ ఏర్పడితే తెలియజేయమని అదే వెబ్‌సైటులో కోరవచ్చు. ఆదివారం నుంచి గురువారం దాకా ఉన్న రాత్రులు అడిగితే అవకాశం బాగా పెరుగుతుంది. కొన్ని పార్కుల్లో ముందు వచ్చినవారికి ముందు ఇచ్చే సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి శుక్రవారం సాయంత్రం కాదు, బుధవారం ఉదయం వెళ్లాలి.

ఎల్లోస్టోన్‌లో సగం క్యాంప్‌గ్రౌండ్లు ఆ వెబ్‌సైటులో కనిపించడం లేదేమిటి?

అక్కడ మాడిసన్, కేనియన్, గ్రాంట్, బ్రిడ్జ్ బే, ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఐదింటిని లాడ్జిలు నడిపే కాంట్రాక్టు సంస్థ చూసుకుంటుంది. వాటి బుకింగు ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ లాడ్జెస్ వెబ్‌సైటులో. మిగిలిన చిన్నవి నేషనల్ పార్కులను నడిపే ప్రభుత్వ సంస్థ పార్కు సర్వీసు చేతిలో ఉన్నాయి. ఒక జాగ్రత్త: ఫిషింగ్ బ్రిడ్జ్‌లో టెంటు వేయనివ్వరు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గట్టి గోడలున్న వాహనాలకే అనుమతి.

మూడు కుటుంబాలం కలిసి ఒకే సైటు తీసుకోవచ్చా?

కుదరదు. మామూలు సైటులో ఎక్కువచోట్ల ఆరుగురికే అనుమతి, పిల్లలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. పక్కపక్క సైట్లు రెండు మూడు తీసుకోండి, లేదా గ్రూపు సైటు వెతకండి.

సైటుకు డబ్బు కట్టాను కదా, లోపలికి వెళ్లడానికి మళ్లీ కట్టాలా?

కట్టాలి, రెండూ వేర్వేరు. ఎల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కేనియన్, జయాన్‌లలో కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. ఏడాదిలో మూడు పార్కులు చూసే ఉద్దేశముంటే 80 డాలర్ల వార్షిక పాసు లాభం. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో ప్రవేశ రుసుము లేదు కానీ, 2023 మార్చి నుంచి కారు ఆపుకోవడానికి ట్యాగు కొనాలి. రోజుకు 5 డాలర్లు, వారానికి 15.

విదేశాల నుంచి చుట్టపుచూపుగా వచ్చినవారికి 2026 జనవరి 1 నుంచి లెక్క మారింది. 80 డాలర్ల పాసు అమెరికా నివాసులకే, బయటివారికి అది 250 డాలర్లు. ఆ పాసు లేని విదేశీ సందర్శకులు ఎల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కేనియన్ సహా 11 పార్కుల్లో మామూలు రుసుము మీద మనిషికి మరో 100 డాలర్లు కట్టాలి. నివాసులు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

వెళ్లలేకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

రిక్రియేషన్ డాట్ గవ్‌లో రద్దుకు 10 డాలర్లు పట్టుకుని మిగతాది ఇస్తారు. చేరవలసిన రోజుకు ముందురోజో, ఆ రోజో రద్దు చేస్తే మొదటి రాత్రి రుసుము కూడా పోతుంది. చెప్పకుండా మానేస్తే ఇంకా ఎక్కువ పోతుంది, పైగా ఆ సైటు కోసం ఎదురుచూసే ఇంకొకరి నోట్లో మట్టి కొట్టినట్టే. వెళ్లడం లేదని తేలిన రోజే రద్దు చేయండి.

సైటు దొరకకపోతే పార్కులో దారి పక్కన కారులో పడుకోవచ్చా?

పడుకోకూడదు. పార్కింగు స్థలంలో, దారి పక్కన రాత్రి గడిపితే రేంజరు (పార్కు కాపలా అధికారి) వచ్చి లేపుతాడు, జరిమానా పడవచ్చు. దానికి బదులు పార్కు సరిహద్దు దాటి చూడండి. చాలా పార్కుల చుట్టూ నేషనల్ ఫారెస్టు భూములు ఉంటాయి. వాటిలో చాలాచోట్ల, సాధారణంగా 14 రోజుల దాకా, ఉచితంగా టెంటు వేసుకోవచ్చు. నీళ్లు, మరుగుదొడ్డి, చెత్తబుట్ట ఏవీ ఉండవు. ఏది తెచ్చుకుంటే అదే.

## సామాను

అన్నీ కొనాలంటే చాలా అవుతోంది. ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

కింద పరుచుకునే ప్యాడు మీద. అందరూ ముందు టెంటుకు, తరవాత స్లీపింగ్ బ్యాగుకు ఖర్చు చేసి, ప్యాడు దగ్గరికి వచ్చేసరికి చేతులు ముడుచుకుంటారు. చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ లాగేస్తుంది. ఒంటి బరువుకు బ్యాగు అడుగుభాగం అణిగిపోయి అక్కడ వెచ్చదనం నిలవదు. ప్యాడు మీద ఆర్-విలువ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువైతే చలిని అంత ఆపుతుంది. నీళ్లు గడ్డకట్టే దగ్గరికి వెళ్లే రాత్రులకు నాలుగు పైన చూసుకోండి. గాలి ఊదుకునే మామూలు పరుపు మెత్తగా ఉంటుంది కానీ, లోపలి గాలి చల్లబడి వీపు కింద మంచుగడ్డ అవుతుంది. టెంటు అద్దెకు తెచ్చుకున్నా, అరువు తెచ్చుకున్నా ఫరవాలేదు.

స్లీపింగ్ బ్యాగు మీద 20 డిగ్రీలు అని ఉంది. అంటే 20 దాకా వెచ్చగా ఉంటుందనేనా?

రెండు తిరకాసులు ఉన్నాయి. అది ఫారెన్‌హీట్, అంటే సున్నాకు దిగువన సుమారు 7 డిగ్రీల సెల్సియస్. రెండోది, చాలా బ్యాగుల మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కనిష్ఠ హద్దు. ముడుచుకుని పడుకుంటే ఎలాగో నిద్ర పట్టే చలి అన్నమాట. సుఖంగా పడుకునే ఉష్ణోగ్రత దానికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది, లేబులు మీద విడిగా చిన్న అక్షరాల్లో వెతకండి. త్వరగా చలి వేసేవారు దాన్నే నమ్మాలి.

మేం నలుగురం. నలుగురి టెంటు సరిపోతుంది కదా?

నలుగురు కదలకుండా, సంచులన్నీ బయట పెట్టి, భుజం భుజం ఆనించి పడుకుంటే సరిపోతుంది. ఆరుగురిది కొనండి. టెంటు కింద పరిచే పట్టా మాత్రం టెంటు కంటే చిన్నదిగా ఉండాలి. బయటికి పొడుచుకుని ఉంటే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ కిందికే వస్తాయి.

విమానంలో వెళ్తున్నాం. పొయ్యి, గ్యాసు తీసుకెళ్లవచ్చా?

గ్యాసు డబ్బా ఏ సంచిలోనూ కుదరదు. పొయ్యిని పూర్తిగా ఖాళీ చేసి, ఇంధనం వాసన కూడా రాకుండా శుభ్రం చేస్తేనే అనుమతిస్తారు. ఎలుగుబంట్ల కోసం వాడే స్ప్రే కూడా విమానంలో నిషిద్ధం. గ్యాసు, స్ప్రే దిగాక కొనుక్కోండి.

ఇంట్లో కట్టెలు బోలెడున్నాయి. కారులో వేసుకుని రావచ్చా?

దయచేసి వద్దు. కట్టెల్లో దాక్కుని పురుగులు ఊరు మారుతాయి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగును అమెరికాలో మొదట 2002లో మిషిగన్‌లో గుర్తించారు. ఆ తరవాత అది కోట్లాది యాష్ చెట్లను చంపింది. అది దూరాలు దాటింది చాలావరకు మనుషులు మోసిన కట్టెలతోనే. గ్రేట్ స్మోకీలోకి వేడి చేసి ధ్రువీకరించిన కట్టెలనే రానిస్తారు. ఎక్కడైనా సరే, కాల్చేచోటే కొనండి.

## అక్కడికి చేరాక

ఎన్నింటికి చేరుకోవాలి?

చీకటి పడటానికి కనీసం రెండు గంటల ముందు. నా మొదటి టెంటు తలదీపం వెలుగులో వేశాను. మేకుల సంచి ఇంట్లోనే మరిచిపోయానని అప్పుడే తెలిసింది. నాలుగు మూలలకూ నాలుగు రాళ్లు పెట్టి పడుకున్నాను. అర్ధరాత్రి గాలికి రెండు మూలలు లేచిపోయాయి. బయలుదేరే వారం ముందు ఇంటి దగ్గర ఒకసారి వేసి విప్పితే ఈ గొడవ ఉండదు.

ఎలుగుబంట్లు వస్తాయా? తిండి ఎక్కడ దాచాలి?

వచ్చే పార్కులు చాలానే ఉన్నాయి. అవి మీ కోసం కాదు, వాసన కోసం వస్తాయి. ఎలుగుబంటి దృష్టిలో తిండి అంటే మనం తినేది మాత్రమే కాదు. టూత్‌పేస్టు, సబ్బు, పెదాలకు రాసుకునే క్రీము, చెత్త, ఖాళీ డబ్బా, పిల్లల సీటు కింద రాలిన బిస్కట్ల పొడి, అన్నీ తిండే. వీటిలో ఏదీ టెంటులో ఉండకూడదు.

దాచే పద్ధతి పార్కును బట్టి మారుతుంది, పొరపాట్లు జరిగేది ఇక్కడే. యోసెమిటీలో ప్రతి సైటులో ఇనుప పెట్టె ఉంటుంది. సుమారు 84 సెంటీమీటర్ల లోతు, 114 వెడల్పు, 46 ఎత్తు. చీకటి పడ్డాక కారులో తిండి ఉంచడం అక్కడ నిషేధం, ఎందుకంటే ఆ ఎలుగుబంట్లకు కారు తలుపు పైనుంచి వంచి తీయడం వచ్చు. మీ ఐస్ పెట్టె ఆ కొలతల్లో పడుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఎల్లోస్టోన్‌లో అద్దాలు మూసి తాళం వేసిన కారులో పెట్టవచ్చు. రెండుచోట్లా బల్ల మీద వదిలేసి పది నిమిషాలు పక్కకు వెళ్లడం తప్పే. వండుతున్నప్పుడు కూడా పెట్టె మూసి గడియ పెట్టండి. ఒకసారి మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగుబంటిని చివరకు చంపవలసి వస్తుంది. మన అజాగ్రత్తకు శిక్ష దానికి పడుతుంది.

బేర్ స్ప్రే కొనాలా?

ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్లేషియర్‌లలో గ్రిజ్లీలనే పెద్ద ఎలుగుబంట్లు ఉంటాయి, అక్కడ నడకకు వెళ్లేటప్పుడు చేతికి అందేలా పెట్టుకోవాలి. సంచి అడుగున ఉంటే లేనట్టే. యోసెమిటీలో దాన్ని తీసుకెళ్లడమే నిషిద్ధం.

ఎలుగుబంట్లు కాక ఇంకా దేనికి భయపడాలి?

ఎల్లోస్టోన్‌లో మనుషులను ఎక్కువగా గాయపరిచింది ఎలుగుబంటి కాదు, బైసన్. గడ్డి మేస్తూ సాధువులా కనిపిస్తుంది కానీ మనిషి కంటే మూడు రెట్లు వేగంగా పరుగెత్తగలదు. అక్కడి నిబంధన ప్రకారం ఎలుగుబంట్లకు, తోడేళ్లకు, కూగర్లనే కొండ సింహాలకు 91 మీటర్లు, మిగతా జంతువులకు 23 మీటర్లు దూరంగా ఉండాలి. వేడినీటి బుగ్గల దగ్గర చెక్కదారి దిగవద్దు. ఆ నీటిలో కాలి ఇప్పటికి 20 మందికి పైగా చనిపోయారు.

ఎలుకలను కూడా తేలిగ్గా తీసుకోకండి. 2012లో యోసెమిటీలోని కర్రీ విలేజ్‌లో దిగినవారితో సహా 10 మంది సందర్శకులకు ఎలుకల ద్వారా హంటా వైరస్ సోకింది, వారిలో ముగ్గురు చనిపోయారు. టెంటులో తినకపోవడం దానికి కూడా మంచిదే.

స్నానాలకు వసతి ఉంటుందా?

ఎక్కువ క్యాంప్‌గ్రౌండ్లలో ఉండదు. మరుగుదొడ్లు ఉంటాయి, కొన్నిచోట్ల నీళ్లు వచ్చేవి, కొన్నిచోట్ల గుంట మీద కట్టినవి. యోసెమిటీలోని కర్రీ విలేజ్ లాంటిచోట్ల డబ్బు కట్టి స్నానం చేయవచ్చు. తడి తువాలు, బకెట్టు, ఓపిక తెచ్చుకోండి.

నీళ్లు ఎన్ని పెట్టుకోవాలి?

ఎడారి పార్కుల్లో తాగడానికే మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు. వంటకు, కడుక్కోవడానికి అది కాక వేరే.

కుక్కను తీసుకెళ్లవచ్చా?

క్యాంప్‌గ్రౌండు దాకా వెళ్లవచ్చు, ఆరడుగుల లోపు తాడుతో. చాలా పార్కుల్లో కాలిబాటల మీద అనుమతి ఉండదు. అంటే మీరు కొండ ఎక్కితే అది సైటులో ఒంటరిగా ఉండాలి, అది కూడా నిబంధనకు విరుద్ధమే. అకాడియా లాంటి కొన్ని పార్కులు మినహాయింపు. మరెక్కడికైనా అయితే ఇంట్లో వదిలి రావడమే దానికి సుఖం.

డ్రోన్ ఎగరేయవచ్చా?

కూడదు. 2014 నుంచి నేషనల్ పార్కులన్నిటా నిషేధం.

ఫోను పనిచేస్తుందా?

పనిచేయదనుకుని బయలుదేరండి. పార్కు సర్వీసు యాప్‌లో ఆ పార్కు సమాచారాన్ని, మీ పటాన్ని, బుకింగు కాగితాన్ని ముందే దించి పెట్టుకోండి. ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి.

## రాత్రి

చలిగా ఉంది. టెంటు లోపల పొయ్యి వెలిగించుకోవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. బొగ్గుల కుంపటి కూడా అంతే ప్రమాదం. బదులుగా గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. పడుకునే ముందు కాస్త తినండి, పొడి మేజోళ్లు మార్చుకోండి.

ఉరుములు మొదలైతే టెంటులో ఉండవచ్చా?

టెంటు వాన నుంచి కాపాడుతుంది, పిడుగు నుంచి కాదు. ఉరుము వినిపించగానే కారులోకి వెళ్లి అద్దాలు మూసుకోండి.

రాత్రి ఎంతసేపు కబుర్లు చెప్పుకోవచ్చు?

చాలాచోట్ల రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. టెంటు గోడ గుడ్డే కదా, మీ గుసగుస కూడా పక్క సైటుకు వినిపిస్తుంది. పాటల పెట్టె అయితే పగలు కూడా ఇంట్లోనే ఉంచండి.

## బయలుదేరేటప్పుడు

మంట ఆరిపోయినట్టే కనిపిస్తోంది. వెళ్లిపోవచ్చా?

చేయి పెట్టి చూడండి. నీళ్లు పోయాలి, కట్టెతో కలపాలి, మళ్లీ పోయాలి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా. మట్టి కప్పితే ఆరదు, లోపల గంటల తరబడి రగులుతూనే ఉంటుంది.

వాన తగ్గలేదు. తడి టెంటు అలాగే మడిచేయవచ్చా?

మడిచేయండి, మరో దారి లేదు. పెద్ద చెత్తసంచిలో కుక్కి కారులో పడేయండి. అయితే ఇల్లు చేరిన రోజే బాల్కనీలోనో, స్నానాలగదిలో తీగ మీదో పూర్తిగా ఆరేయాలి. రెండు రోజులు మరిచిపోతే బూజు వాసన పట్టుకుంటుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఆరేసేటప్పుడు మేకులు లెక్కపెట్టి సంచిలో వేసి, ఆ సంచిని టెంటుకే కట్టేయండి.